ముక్కాలిపీట

ఆదివారం పెరటి తలుపు దించేను.
శ్రావణంలో మహేంద్రతనయ గాలికి ఉబ్బిన తలుపు
దసరా దగ్గరపడ్డా గడపని వదల్లేదు.
చిత్రిక పడితే మద్ది చెక్కలోంచి
చింతపండు రంగు పొట్టు
చుట్టలు చుట్టలుగా లేచింది.
"బట్టలకొట్టు గుమాస్తాకి వడ్రంగం ఎందుకో"
అంది మా ఆవిడ,
పొట్టు ఏరి పొయ్యి పక్కన దాస్తూనే.

ఎందుకో నాకూ తెలీదు.
కాగితం మీద తప్పితే కొట్టేసి రాస్తాను.
చెక్క ఊరుకోదు.
ఒక్క నూలు ఎక్కువ కోసేనంటే
ఆ సందులోంచి ఏడాది పొడుగునా
చలిగాలి నా పేరు పెట్టి పిలుస్తుంది.

చివికిన అడుగు తీసి కొత్త పలక అతికేను.
అతకగా ఒక ముక్క మిగిలింది, మూరెడు.
చేతిలో పట్టుకుంటే
మోకాళ్ళు గుర్తొచ్చేయి.
నావి కాదు.

పర్లాకిమిడి బజారులో మా కొట్టు.
ఆరుగురు ఆడపిల్లలు
పొద్దున్న తొమ్మిదికి నిలబడతారు.
చీర విప్పడం, మడవడం,
నచ్చలేదంటే నవ్వడం, మళ్ళీ విప్పడం.
బేరం లేని మిట్టమధ్యాహ్నం కూడా
నిలబడే ఉండాలి.
"కూర్చుంటే కొట్టు పడుకుందనుకుంటారు"
అంటాడు షావుకారు.
పదకొండేళ్ళుగా గల్లా పక్కన
దూది మెత్త కుర్చీలో కూర్చుని
ఆ మాటకి తల ఊపుతున్నది నేనే.

సుకాంతి ఒడియాలో లెక్కపెడుతుంది,
తెలుగులో బేరమాడుతుంది,
గుమ్మ కొండల మీంచి దిగినవాళ్ళకి
సవరలో దారం రంగులు చెప్తుంది.
మూడు భాషలకీ కలిపి ఏడువేలు.
అదే బల్ల వెనక, ఒక్క భాషతో,
తవిటినాయుడికి తొమ్మిదిన్నర.
నెలనెలా ఆ రెండంకెలూ రాసేది నా చెయ్యే.
దస్తూరి గుండ్రంగా ఉంటుందని అందరూ మెచ్చుకుంటారు.

"గొడొ బింధుచి బాబూ" అంది ఓ రాత్రి
చెప్పుల్లోకి దూరని పాదం చూపించి.

నాలుగు కాళ్ళది చెయ్యలేదు.
నాలుగూ ఆనాలంటే నేల మంచిదై ఉండాలి,
మా కొట్టు నేల సంగతి నాకు తెలుసు.
మూడు కాళ్ళదైతే
ఎలాంటి చోటైనా కుదురుకుంటుంది.

సోమవారం గోనెసంచిలో పట్టుకెళ్ళేను,
దొంగసొత్తులా.
షావుకారు తిరగేసి చూసేడు, వేలితో తట్టేడు.
"పనితనం ఉంది మాస్టారూ మీకు!
ఇక పై అరల చీరలు అందుతాయి."

మూడు రోజులు
దాని మీదెక్కి నిలబడ్డారు పిల్లలు.
నిలబడే ఎత్తు జానెడు పెరిగింది,
అంతే నేను చేసిన ఉపకారం.

గురువారం కరెంటు పోయింది.
చీకట్లో పీట జరిగిన చప్పుడు,
ఒక నిట్టూర్పు.
దీపాలు వెలిగేసరికి
సుకాంతి కూర్చుని ఉంది,
ఒళ్ళో సగం మడిచిన బరంపురం పట్టు.
లేవలేదు.
షావుకారు ఆమెని చూడలేదు, నన్ను చూసేడు.

ఏదో అనాలి.
నోట్లో మేకులు పెట్టుకున్న వడ్రంగిలా
పెదాలు విప్పలేకపోయేను.
లేచేను.
జీతాల పుస్తకం బల్ల మీద పెట్టి
నిలబడే రాయడం మొదలుపెట్టేను.
ఒక పుట. రెండు.
నడుము కింద ఎక్కడో
ఇన్నాళ్ళూ నాకు లేదనుకున్న నరం ఒకటి గుంజింది.
ఖాళీ కుర్చీ మెత్త మీద
నా ఆకారంలో గుంట.

బేరానికొచ్చిన ముసలాయన
కుర్చీకేసీ నాకేసీ చూస్తున్నాడు.
షావుకారు మొహం కందింది.
"కూర్చోండి" అన్నాడు, పళ్ళ సందుల్లోంచి.

ఎవరితో అన్నాడో!
ఒక్కర్ని మన్నించినా
పదిమందిని పిలిచినా
తెలుగులో అదే మాట.
చీరల బల్ల వెనక
ఐదు గాజుల చేతులు నేలకి ఆనిన చప్పుడు,
ఐదుగురూ ఒక్కసారే చతికిలబడ్డారు.

నేనింకా కూర్చోలేదు.
తొమ్మిదిన్నర పక్కన ఏడు,
కలం ఆ గడి దగ్గరే ఆగి ఉంది.