ఒక్కదానికే జాగ

సిరొంచ బస్టాండు ఎనుక
నా దుకాణం షట్టర్ సగం లేపంగనే
జాడి పౌర్ణిమ కౌంటర్ మీద గడియారం వెట్టింది.
పట్టీ తెగింది, గాజు మీద గీత.
చంద్రపూర్‌ల ఎవరో వాడి ఇడిచింది,
వాళ్లన్న తొమ్మిది వందలకు తెచ్చిండు.
'ఉరుకుడుకు మంచి ఆప్ ఒకటి ఎయ్యన్నా,
పోలీస్ భర్తీకి నలభై దినాలే ఉన్నది.'

లోపలికి తొంగి చూసిన.
దాని కడుపుల ఒక్క ఆప్‌కే జాగ.
మా అంకీస జీపుల ఎందరెక్కినా
ఇంకొకరికి జాగ దొరుకుతది,
దీంట్ల దొరకది.

మొదటిది లక్షల మంది మెచ్చినది.
చుక్కలు లెక్కవెట్టి నేనే ఎంచిన.
తెల్లారగట్ల నాలుగున్నరకు
నిద్రవోతున్న వాడల
అది గట్టిగ ఇంగ్లీషుల శభాషన్నది.
కుక్కలు ఎంటవడ్డయి.
'అదొక్క దినం బాగ ఉరికిన్నన్నా!'

రెండోది ఉరకకముందే అడుగుడు వెట్టింది:
బరువెంత, నిద్రెంత, ఇల్లెక్కడ,
దోస్తుల నంబర్లేవి,
బయటుండే దినాలెప్పుడు.
ఆడికొచ్చేసరికి
నేను తెర మీదికెల్లి కండ్లు తీసిన,
ఆమె గోడ క్యాలెండర్ దిక్కు చూసింది.
ఏం మాట్లాడకుంట తీసేసిన.

మూడోదానికి టవర్ మీదనే నమ్మకం.
మా టవర్ పొద్దుగాల పండుకుంటది,
ప్రాణహిత అవతల తెలంగాణది మేలుకొని ఉంటది.
పిల్ల మిర్చి కల్లాల దారిల ఉరుకుతాంటే
అది ఒక్క గీతల ఆమెను
ఏటి అవతల పడేసింది,
మళ్ల ఇవతలికి గుంజింది.
నిమిషంల నాలుగు కిలోమీటర్లు!
పడవెక్కలే, వంతెన దాటలే,
కాలు సుత తడువలే.
ఇద్దరం కడుపు పట్టుకొని నవ్వినం.
జరసేపటికి ఆమె మెల్లగ అన్నది:
'ఇది చూపిస్తే నౌక్రీ ఇస్తరా?'

నేనింకా చెప్పుకుంటనే పోతున్న,
గుండె కొట్టుకునుడు చూపేది,
కాలరీలు లెక్కగట్టేది,
పటం మీద రంగులు పూసేది.
ఆమె చెయ్యి చాపింది.
మిర్చి తొడిమెలు తీసి తీసి
ఏళ్ల కొనలు నున్నగైనయి, ఎర్రగైనయి,
గీతలు అరిగిపోయినయి.
'తెర నా ఏలును గుర్తువట్టదన్నా.
ఎంత రుద్దినా షురూ కాదు.
పక్కకున్న గుండీ ఒత్తితే నడిచేదున్నదా?'

మూడు దినాల సంది
నేను అడగాల్సిన మాట అది.

ఎతికితే దొరికింది.
ఒక్క చుక్క లేదు, బొమ్మ లేదు.
చేసినోడు రెండేండ్ల సంది దాని మొఖం చూడలే.
అడుగులు లెక్కవెట్టి నాలుగు అంకెలు చూపిస్తది,
ఒత్తితే మొదలు, మళ్ల ఒత్తితే బంద్.

నాకు నమ్మకం కుదరలే.
నేనూ ఒకప్పుడు ఉరికినోన్నే,
పదహారు వందల మీటర్లు, మామ బూట్లేస్కొని.
ఎన్ని సెకన్లు తక్కువైనయో ఎవరూ చెప్పలే.
గోడకంటించిన కాగితంల
నా పేరు మాత్రం లేదు.

అందుకే కేబుల్ చుట్ట భుజానేస్కొని పోయిన.
వంద మీటర్లది.
మిర్చి గోదాం గేటు కాడికెల్లి
ఎనిమిదిసార్లు పరిచినం,
ఆఖరుకు సున్నంతోని గీత గీసినం.
ఆమె సల్వార్ అంచులు పైకి మలిచి
గుండీ ఒత్తింది.

మూడు నిమిషాల నాలుగు సెకన్లు.
గడియారం మాత్రం
ఏడు వందల ఎనభై ఎనిమిది మీటర్లే అన్నది.
'పన్నెండు మీటర్లు మింగింది దొంగది, తీసేస్త' అన్న.
మోకాళ్ల మీద చేతులానిచ్చి
ఊపిరందుకుంట తలకాయ ఊపింది.
'ఉండనియ్. తక్కువిచ్చేదే మంచిది.
దీని లెక్కకు నిండితే
మైదానంల వాళ్ల లెక్క చిన్నగైతది.'

పట్టీకి నలభై తీస్కున్న.
ఆప్‌కు ఏం తీస్కోవాల్నో తెల్వలే.
వంగి కేబుల్ చుట్టుకుంటాంటే
ఎనుక గుండీ టిక్కుమన్నది.
తిరిగి చూసేసరికి
సున్నం గీత మీద దుమ్మే ఉన్నది.