లెక్కపెట్టని నోట్లు

గ్రిమ్స్‌బీలో గాలికి ఎప్పుడూ చేపల వాసనే.
కిరాణా కొట్టు వెనక మూల, అద్దానికి ఇవతల నేను.
పదకొండేళ్లుగా ఈ పోస్టాఫీసు కౌంటరు మీద
ఊరి ముసలివాళ్ల వేళ్లు చదువుతున్నాను.

బెరిల్ కట్‌ఫోర్త్ వేళ్లు నాకు కంఠతా వచ్చు.
మంగళవారం మంగళవారం నలభై పౌండ్లు.
తనొకసారి లెక్కపెట్టి, నా చేత ఒకసారి పెట్టించి,
బొటనవేలు తడి చేసుకుని మళ్లీ మూడోసారి.
ఈలోపు కుక్క మోకాలి నొప్పి,
పక్కింటివాడి కారే గొట్టం,
పోయిన మొగుడు ట్రాలరు మీద పట్టిన కాడ్ చేపల కొలతలు.
వెనక క్యూ పళ్లు నూరుతుంటుంది.

ఆ వారం బుధవారం వచ్చింది.
తొమ్మిది వందలు అడిగింది.
"ఇంటి కప్పు బాగుచేయిస్తున్నా" అంది, నేను అడక్కుండానే,
ఎవరో నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు.
గురువారం పదిహేను వందలు.
కుక్క ఊసు లేదు.
నోట్లు లెక్కపెట్టలేదు.
సంచిలో కుక్కుకుని తలుపు వైపు చూసింది.
తలుపు అవతల తెల్ల వ్యాను,
ఇంజను ఆపకుండా.

నా అరికాళ్లు చల్లబడ్డాయి.
మా నాయనమ్మ పొయ్యి మీద పెట్టకముందే
ఈ పాలు విరుగుతాయే అనేది.
ఎలా తెలుసంటే
"గిన్నె చెప్పింది" అనేది.

కానీ మాది పోలీసు స్టేషను మెట్లెక్కని వంశం.
దొంగలు పడితే "పోయింది పోయింది,
వాళ్లకి చెబితే ఉన్నదీ పోతుంది" అనుకున్న ఇల్లు.
మనకెందుకొచ్చిన గొడవ అన్న మాట
ఉగ్గుతో పాటే పట్టారు నాకు.

ఇంకొకటి కూడా ఉంది.
పోయిన చలికాలం, ఇల్లు కొందామని
మా చక్రధర్ ఒక వీధి చివర నిలబడి
పైకప్పుల వంక చూస్తుంటే
ఏదో కర్టెను వెనక నుంచి ఫోను వెళ్లింది.
ఇద్దరొచ్చారు. మర్యాదగానే పేరడిగారు.
స్పెల్లింగు రెండుసార్లు అడిగారు.
ఆ రాత్రి అన్నం కలిపీ కలిపీ
తినకుండా చెయ్యి కడిగేసుకున్నాడు.
ఆ కర్టెను ఇప్పుడు నేను పక్కకి జరపనా?

రాత్రంతా తూచాను, పార్సిలు తూచినట్టు.
వ్యానులోవాడి రంగు తీసేశాను.
యాస తీసేశాను. మెడ మీది పచ్చబొట్టు తీసేశాను.
లెక్కపెట్టని నోట్లు మిగిలాయి.
ఆగని ఇంజను మిగిలింది.
తూకం తగ్గలేదు.

శుక్రవారం మూడు వేలు.
"యంత్రం మొరాయిస్తోంది, కాస్త కూర్చోండి" అని
బిస్కెట్ల పెట్టెల మధ్యకి పోయి
మూడు తొమ్మిదులు నొక్కాను.
"ఏం చూశారు?" అంది అవతలి గొంతు.
ఏమీ చూడలేదు అనబోయాను.
"ఆవిడ డబ్బు లెక్కపెట్టుకోవడం లేదు" అన్నాను.
నాకే పిచ్చిమాటలా వినిపించింది.
అవతల కీబోర్డు ఒక్క క్షణం ఆగింది.
"వ్యాను నంబరు ఉందా?"
ఉంది.
గురువారమే రసీదు వెనక రాసి ఉంది,
నా దస్తూరీలోనే,
రాసినట్టు నాకు గుర్తు లేదు.

వ్యాను ఏమైందో నాకెవరూ చెప్పలేదు.
ఒక కానిస్టేబులమ్మాయి వచ్చి కెమెరా రికార్డు పట్టుకుపోయింది,
వెళ్తూ వెళ్తూ ఫోను చేసి మంచిపని చేశారంది,
అంతే.
బెరిల్ మాత్రం అద్దం మీద కొట్టి
"నా డబ్బు, నీకేం పని!" అని అరిచింది ఆ రోజు.
మూడు మంగళవారాలు రాలేదు.
పక్క పేటలో ఉన్న కౌంటరుకి వెళ్తోందట, రెండు బస్సులు మారి.
మూడు మంగళవారాలూ నేను ఇంట్లో
అన్నం కలిపీ కలిపీ కూర్చున్నాను.

నాలుగో మంగళవారం, వాన.
బయట స్తంభానికి కుక్కని కట్టేసి వచ్చింది.
నా మొహం వంక చూడలేదు.
నలభై పౌండ్లు.
ఒకసారి లెక్కపెట్టింది.
అద్దం కింద నుంచి నా వైపు తోసింది.
నేను లెక్కపెట్టాను.
బొటనవేలు తడి చేసుకుంది.
మూడోసారి అయింది,
నాలుగోది మొదలుపెట్టింది.

క్యూ పళ్లు నూరింది.
నూరనీ.