జోడింపు గీత

మనామాల బాబ్ అల్ బహ్రెయిన్ వెనక మూడో సందుల
అత్తరు దుకాణానికీ దర్జీకీ నడుమ
ఇరుక్కొని ఉండేది మా కెమెరా దుకాణం.
కొనేటోళ్ల కంటె చూసేటోళ్లే ఎక్కువ.
శుక్రవారం పొద్దుగూకంగ కంపెనీ బస్సులు దిగి
జపాన్ కెమెరాల ముంగట
అద్దానికి ముక్కు ఆనించి నిలబడేటోళ్లు.
వాళ్ల ఊపిరి మరకలు తుడుసుడే నా మొదటి కొలువు.

లోపలి అర్రల, నల్ల పరదా అవతల
కాపీ స్టాండు.
ఇనుప కంబం, కింద నల్లటి పలక,
అటు రెండు ఇటు రెండు దీపాలు,
మీద తల వంచుకొని కెమెరా,
బాయిల పడ్డ బిందెను దేవులాడేటోని తీరు.
ఫోటోకు ఫోటో తీసుడు దాని పని.
"వీళ్లను నవ్వుమని బతిమాలే పని లేదురా"
అనేటోడు మాస్టరు కుంజప్పన్, వచ్చీరాని హిందీల.

దీపం వాలు తప్పితె ఫోటో మెరుస్తది,
మెరిస్తె మొహం పోతది.
ఇది ఆయన నేర్పిన మొదటి పాఠం.
బెల్లోసు మడతల బెజ్జం పడితె
సైకిల్ ట్యూబు సొల్యూషన్ పూసి
సేటు పాత గొడుగు గుడ్డ అంటించిండు.
పదేండ్లు ఊడలే.

ఇసుక గాలి లేచిన దినాలు
ఎన్ని తలుపులు మూసినా అద్దం మీద ఒక్క రేణువు.
ఆ ఒక్కటి చాలు,
మనిషి చెంప మీద లేని పుట్టుమచ్చ మొలుస్తది.
దులిపే కుంచె డబ్బా మీద ఒంటె బొమ్మ ఉండె.
"ఉడుత వెంట్రుకలివి,
ఒంటెలున్న దేశంల గూడ మోసమే"
అని నవ్వేటోడు మాస్టరు, హైపో వాసన చేతులతోని.

గిరాకి అంతా జోడింపులకే.
సిత్రాల వెల్డింగు చేసే ఓదెలు వచ్చిండొకసారి.
బిడ్డ పుట్టి మూడేండ్లు, ఇంక చూడలే.
చెమటకు మెత్తబడ్డ ఫోటో
బీడీకట్ట కవర్ల చుట్టుకొచ్చిండు.
"అన్నా, నా పక్కన నిలబెట్టు."

మాస్టరు ఆయన్ను స్టూలు మీద కూసోబెట్టి
చెయ్యి గాలిల పెట్టుమన్నడు.
"ఇంకొంచెం కిందికి. పిల్ల భుజం అంత ఎత్తే ఉంటది."
ఓదెలు లేని భుజం మీద చెయ్యేసి
కదలకుంట కూసున్నడు,
దీపాల వేడికి నుదురు కారుతున్నా.

బ్లేడుతోని పిల్లను కోసింది నేనే.
పిలకల కాడ ఊపిరి బిగవట్టిన.
అంటించి, పెన్సిలుతో అంచు మాపి
స్టాండు కింద పెట్టి మళ్ల తీస్తె
ఇద్దరూ ఒక్క కాగితం మీదికొచ్చిరి.
వెలుగొక్కటే కుదరలే.
పిల్లకు పొద్దు ఎడమ దిక్కు, నాయినకు కుడి దిక్కు,
నడుమ సన్నటి గీత.

ఓదెలు చూసిండు.
గీత మీద బొటనవేలు పెట్టి మూసిండు.
అట్లనే పట్టుకొని పోయిండు,
పైసలిచ్చుడు మర్చి.
మళ్ల శుక్రవారం వచ్చి ఇచ్చి
ఇంకో కాపీ అడిగిండు.

ఇప్పుడు ఆ సందుల మొబైల్ కవర్లు అమ్ముతున్నరు.
సేటు పోయిండు. మాస్టరు త్రిశూరు పోయి
ఒకటే ఉత్తరం రాసిండు, అండ్ల గూడ
లెన్సుకు బూజు పట్టకుండ చూసుకొమ్మనే.

మొన్న ఈసా టౌన్ అంగట్ల
తుప్పు ఫ్యాన్ల నడుమ ఆ కంబం.
దీపాలు లేవు, కెమెరా లేదు,
పలక మీద నా బ్లేడు గాట్లున్నయి.
"తూకం మిషన్, మూడు దీనార్లు" అన్నడు అమ్మేటోడు.
బేరం చెయ్యలే.

ఆరు మంచాల రూముల దాన్నెక్కడ పెడ్తవని తిట్టిరి అందరు.
రెండో దినానికే నర్సింలు
కంబానికి ఫోను కట్టి
పలక మీద తల పెట్టి పండుకొని
పెండ్లాంతోని మాట్లాడుతుండు.
నేను లేచి
ట్యూబు లైటుకు అట్టముక్క అడ్డం పెట్టిన.
మొహం మెరుస్తుండె.