రెండు నీళ్ళు

కనిగిరిలో చేపలు పెంచుతావా అని
ఒంగోలు అక్వేరియం షాపు జిలానీ నవ్వాడు.
మనుషులకే బిందెల లెక్కున్న ఊరు మాది.
నేను నీళ్ళ క్యాన్లు వేసే మాలకొండయ్యని.
రోజుకి నూట పది క్యాన్లు.
కుడి భుజం ఒక్కటే కాయ కాసింది.

మొదట తెచ్చినవి నియాన్ టెట్రాలు, పన్నెండు.
అగ్గిపుల్ల గీయగానే పుడుతుందే నీలం,
ఆరకముందు ఒక్క క్షణం,
అంతంతే ఉన్నాయి ఒక్కోటి.
మా బోరు నీళ్ళు పోశాను.
మూడోనాడు తెల్లారేసరికి
అన్నీ పక్కకి పడుకుని ఉన్నాయి.
ఆ పూట ప్రతి గడప ముందూ క్యాన్ దించుతూ అదే ఆలోచన:
ఈ నీళ్ళేగా
మేం ముప్పై ఏళ్ళు తాగింది.

జిలానీ ఫోన్లో విసుక్కున్నాడు.
చేపలన్నీ ఒకటే అనుకుంటే ఎట్లా కొండయ్యా,
వాటికీ ఇంటిపేర్లుంటాయి.
టెట్రాలది ఆకులు నాని టీ రంగు తిరిగిన అడవి ఏరు,
మెత్తటి నీళ్ళు పోయాలి.
గప్పీలూ మోలీలూ యాడైనా సంసారం చేస్తాయి,
గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి.
గౌరామీలు పైకొచ్చి గుక్కెడు గాలి మింగి పోతాయి,
కరెంటు పోయినా కంగారు పడవు.
ఆఫ్రికాలో సిచ్లిడ్లని ఉన్నాయి చూడు,
రాళ్ళ సందుల్లో కొట్లాడుకుంటూ పెరిగినవి,
సున్నం నీళ్ళయితేనే ఒంటికి రంగెక్కేది.

సున్నం నీళ్ళా!
నేను పనిచేసే ప్లాంటులో గొట్టాలు రెండు.
ఒకటి క్యాన్లలోకి.
రెండోది కాలవలోకి, పారబోత.
ఆ రెండో గొట్టం కింద
ఇన్నాళ్ళకి మొదటిసారి బిందె పెట్టాను.

ఇప్పుడింట్లో గాజు తొట్లు రెండు.
కిటికీ పక్కది టెట్రాలకి, క్యాన్ నీళ్ళతో.
గోడ పక్కది సిచ్లిడ్లకి,
పారబోత రెండు చెంబులు, మంచినీళ్ళు ఒక చెంబు.
చేపలకి క్యాన్ నీళ్ళు, పప్పుకి బోరు నీళ్ళు,
బాగుందయ్యా నీ ధర్మం, అంటుంది సుబ్బరత్నం.
అంటూనే మేత వేస్తుంది.
మూతి గాజుకతికించి నాచు గీకే సక్కర్ చేపని
ఇంటికొచ్చిన వాళ్ళెవరూ చూడరు.
నేను చూస్తాను.
మెట్లెక్కి క్యాన్ దించేవాణ్ణి కూడా
ఎవరూ తలెత్తి చూడరు.

పక్కింటి ఓబులమ్మ పెద్దమ్మకి
మోకాళ్ళు వంగవు, నడుము నిలవదు.
పళ్ళ మీద గోధుమ చారలు.
నవ్వొస్తే చెయ్యి ముందే లేచి నోటికడ్డం పడుతుంది,
పెళ్ళిచూపులనాటి అలవాటట.
ఒకరోజు గోడ పక్క తొట్టి దగ్గర నిలబడి
ఏందిరా కొండయ్యా, ఆ పసుపుది మేత ముట్టట్లా,
దవడ వాచినట్టుందే, అంది.

నేనూ జబ్బే అనుకుని జిలానీకి ఫోటో పంపాను.
జబ్బు కాదట.
నోటినిండా గుడ్లట.
మూడు వారాలు నోరు విప్పదు, మెతుకు మింగదు,
పైకి వదిలితే చుట్టాలే మింగుతారని.

ఆ మాట చెప్పాక పెద్దమ్మ ఏమీ అనలేదు.
మర్నాడు ప్లాస్టిక్ కుర్చీ తనే ఈడ్చుకొచ్చుకుంది.
ఆపైన రోజూ
నా ఆటో చప్పుడు వినగానే గోడవతల్నించి,
దించిందా?
లేదు పెద్దమ్మా.

ఇరవయ్యో రోజో, ఇరవై ఒకటో.
రాతి చాటున పసుపుది నోరు తెరిచింది.
నువ్వుగింజంత ఒకటి బయటికొచ్చి
భయపడి మళ్ళీ లోపలికి పోయింది.
తర్వాత రెండు. తర్వాత లెక్క తప్పింది.

ఓబులమ్మ నవ్వింది.
చెయ్యి అలవాటుగా లేచింది,
వేళ్ళనిండా మేత పొడి ఉందని గుర్తొచ్చి
సగంలో ఆగింది.
గాజులో పడిన ఆ పళ్ళ మధ్య నుంచి
చేపపిల్లలు అటూ ఇటూ తిరిగాయి.

ఆ పూట స్కూలు క్యాన్లు గంట ఆలస్యం.
హెడ్మాస్టరు తిట్టాడు.
ఏం చెప్పను,
మా ఇంట్లో పురుడని చెప్పాను.