పహోన్

ఆ మాట నాకు మొదట తిట్టుగానే తెలిసింది.
సాంతియాగోలో, రెండో తరగతి గుమ్మంలో,
"ఆ పహోన్ అణుచుకుని రా, పో" అంది నెరెయ్దా టీచర్.
దువ్వెనకి రెండు పళ్ళు ఊడాక
అమ్మ నన్ను యోకాస్తా సెలూన్‌కి ఈడ్చుకెళ్ళింది.

రోలర్లు, వల, నెత్తిమీద వేడిగాలి హోరు.
చెవి కొస కాలితే కలబంద గుజ్జు.
బయట చినుకు పడితే
ఇచ్చిన పెసోలన్నీ నీళ్ళపాలేనని
ప్లాస్టిక్ సంచి తలకి కట్టుకుని పరుగెత్తేవాళ్ళం.
వాన చూసి ఏడ్చే పిల్లని నేనొక్కదాన్నే కాదు ఆ వీధిలో.

మా దగ్గర మంచి జుట్టు ఉంది, చెడ్డ జుట్టు ఉంది.
ఏం చేసి చెడ్డదైందో ఎవరూ అడగరు.
పహోన్ అంటే ఆ రెండోదే,
కాకపోతే మధ్యలో ఆ 'హ'ని
గొంతులో ముల్లు దిగినట్టు గీరి పలుకుతారు.

పద్నాలుగో ఏట కొన్‌స్తాన్సాలో
అమ్మమ్మ తమ్ముడు తియోఫిలో
వెల్లుల్లి లారీలో నన్ను కొండమీదికి తీసుకెళ్ళాడు.
తెల్లారుతోంది. నోట్లోంచి పొగ.
పైన్ చెట్ల కింద, కనుచూపు మేర,
కుచ్చులు కుచ్చులుగా పచ్చగడ్డి కాదు, పండుగడ్డి,
ఒక్కో పోచమీదా మంచు గడ్డకట్టి.
"ఇదంతా పహోనే" అన్నాడు.
నా చెయ్యి దానంతటదే తలమీదికి పోయింది.

ఆయన చూళ్ళేదు. గడ్డి గురించే చెబుతున్నాడు:
గుర్రం ముట్టదు. మా నాన్న గాడిద జీనులో కూరేవాడు.
మంటలొస్తే కొండంతా బొగ్గు,
వారం తిరక్కుండా ఆ మసిలోంచి
ముందు లేచేది ఇదే. వేరు చావదు.
నా జుట్టు గురించి ఒక్క ముక్కా అనలేదు.
అందుకే నమ్మాను.

ఇప్పుడు అమ్మాయిలు ఆ మాటనే
చొక్కాలమీద అచ్చేయించుకుంటున్నారు.
"ఎంత పహోనే నీది!" అని బస్సులో ఒకతి
ముట్టుకోవచ్చా అని కూడా అడిగింది.
అమ్మ మాత్రం ఇంకా, పెళ్ళి పిలుపు రాగానే,
"దీంతోనే వస్తావా?"

దాచడమెందుకు, పోయిన నెల
బ్యాంకు ఇంటర్వ్యూకి సాపు చేయించుకున్నాను.
యోకాస్తా చేతులు వణుకుతున్నాయి, ముసలిదైంది,
చెవి మళ్ళీ కాలింది.
బయటికొచ్చేసరికి వాన.
సంచి బ్యాగులోనే ఉంది. తియ్యలేదు.
మలుపు దాటకముందే
కుదుళ్ళ దగ్గర ఏదో కదిలింది, చిటపటమని.

అవకాడోల బండివాడు వెనకనుంచి
"ఏయ్, పహోన్!" అని కేకేశాడు.
తిట్టో, పిలుపో,
బేరమో తెలియదు.
వెనక్కి తిరిగాను.