చేతకాని కుమ్మరి

నాకు కుండ చెయ్యడం రాదు.
దావ్రో కొండల మీద ఈ మాట ఎవరూ నమ్మరు.

అమ్మమ్మ దాల్గితె
మోకాళ్ళ మధ్య మట్టిముద్ద పెట్టుకుని
సారె లేకుండా, వట్టి అరచేతుల్తో
కాఫీ జెబెనాకి మెడ లాగేది, కొంగ మెడలా.
నేను లాగితే తెగేది.
ఆవంలో టప్పుమన్నవన్నీ నావే.
నా పదకొండో ఏట ఆవిడ చేతులెత్తేసింది:
"నువ్వు పుల్లలేరుకురా, చాలు."

శనివారం సంతలో మా చోటు దిగువన,
కొలిమివాళ్ళకీ తోలువాళ్ళకీ నడుమ, ముళ్ళకంచె వార.
పైన వెన్న, తేనె, ధాన్యం.
దిగి వచ్చి, వేలితో కొట్టి, గొంతు విని,
బేరమాడి కొనుక్కెళ్ళి
మా జెబెనాని నట్టింట్లో పెట్టుకునేవాళ్ళు.
మేం వెళితే గడప ఇవతలే.
అందులోంచే కాఫీ వంచి
ఎన్సెట్ ఆకు దొన్నెలో పోసేవాళ్ళు.
తాగాక ఆకుని పారెయ్యొచ్చు కదా.
అమ్మమ్మ ఊదుకుంటూ తాగి
"మూత సరిగా కూచోలేదు దీనికి" అనేది.
ఇంకేమీ అనేది కాదు.

శాంకా రైతుబిడ్డ.
మేకల్ని వాగొడ్డున వదిలి
మా మట్టిగుంటలోకి జారేవాడు.
వాడి వేళ్ళకి ఎవరు చెప్పారో!
మూడోనాటికే జెబెనా నిలబెట్టాడు,
పిడి చెవిలా ఒదిగింది.
అమ్మమ్మ చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి
తన కుండల మధ్య కాల్చింది.
సంతలో ముందు అమ్ముడుపోయింది అదే.
కొన్నది వాళ్ళమ్మ.

గోళ్ళ సందుల్లో మట్టి పట్టిచ్చింది వాణ్ణి.
మగాడు, అందులోనూ వాళ్ళ మగాడు!
వాగులో నిలబెట్టి
పెద్దలు చూస్తుండగా చేతులు తోమారు,
చర్మం లేచేదాకా.
ఆ సాయంత్రం ఆ పెద్దలందరికీ
వాడి జెబెనాలోంచే కాఫీ.
అది మేం చేసిందనే వాళ్ళ నమ్మకం.

ఇప్పుడు నేను తార్చాలో పిల్లలకి టీకాలేస్తాను.
ఎవరి పిల్లవని అడుగుతారు. చెబుతాను.
చూపు నా చేతుల మీదికి జారుతుంది.
"మట్టిపని వదిలేశావన్నమాట."
పట్టుకుంటేగా, వదలడానికి!

మొన్న శాంకా వచ్చాడు, బిడ్డనెత్తుకుని.
పొలం గురించి అడిగాను. వడగళ్ళన్నాడు.
సూది గుచ్చితే బిడ్డ కేరుమంది.
ఊరుకోబెడుతూ వాడు
ఆ చిన్న నడినెత్తి చుట్టూ బొటనవేలు తిప్పాడు,
నెమ్మదిగా, ఒకే ఒత్తిడితో,
పచ్చి అంచుని నునుపు చేస్తున్నట్టు.

ఆ తిప్పడం నాకు తెలుసు.
నాకెన్నటికీ రానిదది.