ఒకే చిరుగు

వానలు మొదలైన మూడో వారం.
గంజే మట్టిదారిలో మోటారుసైకిలు జారి
మోకాలు చీరుకుపోయింది. గుడ్డ చుట్టుకుని వెళ్ళాను.
సంచీలో ఐసు, సూదులు,
ఊదారంగు మూతల గొట్టాలు,
వేలిముద్రకు సిరాదిండు.

ఎంబేయు గుమ్మంలో మొక్కజొన్న వలుస్తోంది.
ఆమె పేరంటే గిరియామాలో విత్తనం.
ఒకే కాన్పులో ఇద్దరు, న్యేవు, బాయా.
ఒకే చాప, ఒకే దోమతెర,
కుడిమూల ఒకే చిరుగు.
కుట్టిన దోమ కూడా ఒకటేనేమో.

న్యేవుకి ఒళ్ళు వెచ్చబడింది,
రెండోనాటికి కోడిపెట్ట వెంట పరుగు.
బాయాకి తెల్లవారుజామున కళ్ళు తేలిపోయాయి,
పళ్ళు బిగుసుకున్నాయి.
మేకనమ్మి, మటాటు ఎక్కించి
కిలిఫీ ఆసుపత్రిలో పడేశారు.
నాలుగు రోజులు ఎవరు పిలిచినా పలకలేదు.

"తెర నేనే సరిగ్గా దోపలేదా?"
పోయినసారీ ఇదే అడిగింది.
లోపల అత్తగారు దగ్గింది.
ఆ దగ్గులో జవాబుంది.

ఎలా చెప్పను?
నెత్తురులో కాపలావాళ్ళుంటారనీ
దొంగ ఆనవాళ్ళు రాసిన చీటీలు
వాళ్ళకు తాతముత్తాతల నుంచే అందుతాయనీ,
నీవి సగం, చెంగోవి సగం
పేకముక్కల్లా కలిపి పంచితే
కవలలకైనా ముక్కలు వేరే పడతాయనీ.
కొందరి కాపలావాళ్ళు దొంగను పట్టుకుని ఊరుకుంటారు.
కొందరివాళ్ళు
ఎలుకల బాధకు ఇంటికే నిప్పు పెడతారు.
అలాగని ఆ చీటీని తిట్టడానికీ లేదు.
ఎప్పుడో, ఇంకేదో జ్వరంలో
ఆ నిప్పే ఒక ముత్తవ్వను బతికించి ఉంటుంది,
ఆమె బతకబట్టే నువ్వు.

ఇదైనా
వేల గొట్టాలు పక్కపక్కన పెడితే తోచే మాట.
ఒక్క బాయా సంగతి
మాలో ఎవరికీ తెలియదు.

"నీ తప్పు కాదు" అన్నాను, అంతే.
ఆమె తలెత్తలేదు. గింజలు రాలుతూనే ఉన్నాయి.

న్యేవు చెయ్యి చాపింది.
"నా నెత్తురు మళ్ళీ ఇచ్చేస్తావా?"
అబద్ధం ఒకటి వెతికాను, దొరకలేదు.

బాయా ఇదివరకు మేకలన్నిటినీ పేరుపేరునా పిలిచేవాడు.
ఇప్పుడొక్క మాటే మిగిలింది: మాడ్జి, నీళ్ళు.
ఆకలికీ మాడ్జి, నిద్రకీ మాడ్జి.
సూది దిగినప్పుడూ
నావైపే చూస్తూ
మాడ్జి అన్నాడు.

ఎంబేయు బొటనవేలికి సిరా అద్దాను.
తుడుచుకోనైనా తుడుచుకోకుండా
దోమతెర ఒళ్ళోకి లాక్కుని
చిరుగును మళ్ళీ కుట్టడం మొదలెట్టింది,
తెల్లటి వలమీద
కుట్టుకుట్టుకీ నీలి మరక.